వచ్చింది గాని

పొద్దున్న ఐదున్నరకి లా సేహ చౌరస్తాలో
గడువు తీరిన లైసెన్సు కార్డుతో
అద్దం మీది మంచు గీకుతుంటాను.
మా అక్క కూతురు హుస్తా తలుపుకి వేలాడుతూ
పెరెస్, ప్రాడో, సాన్ పెద్రో అని
పేటల పేర్లన్నీ ఒక్క ఊపిరిలో అరుస్తుంది.
నాలుగు వేల మీటర్ల ఎత్తున
ఊపిరి ఎవరికీ చవగ్గా దొరకదు.

బండి నిండేలోపు
పగిలిన ఫోనులో పాఠం చూస్తుంది.
మూడు నిమిషాల బొమ్మలు, చివర్న మూడు ప్రశ్నలు.
సరిగ్గా చెబితే నలభై సెంట్ల నాణెం.
తాకడానికి లేదు, కొరికి చూడటానికి లేదు.

ఏం నేర్చుకున్నావే అంటే
"గొలుసు, మామా.
ఒకసారి అందులో రాశాక ఎవరూ చెరపలేరట."
నా అప్పుల పద్దూ అంతేనన్నాను.
నవ్వలేదు. అప్పటికే తర్వాతి ప్రశ్నలో ఉంది.

డీజిలు కోసం రెండు రాత్రులు లైన్లో కూర్చున్నాం చూడండి,
అప్పుడు ఏడు పాఠాలూ అవగొట్టేసింది.
రెండు డాలర్ల ఎనభై!
బ్యాంకులోనే డాలరు మొహం కనబడని రోజుల్లో
మా బండిలో, వెనక సీట్లో, రెండు డాలర్ల ఎనభై.
అయితే వేడి వేడిగా అపి తాగించవే అన్నాను.
"ఉండు మామా, ముందు బయటికి తియ్యనీ."

తియ్యబోతే తెలిసింది.
మార్చినందుకు ముప్పై సెంట్లు.
దారి సుంకం డాలరు తొంభై.
నెట్ ప్యాకుకి పోసిన ఐదు బొలివియానోలు
ఏ ఖాతాలో రాసుకోవాలో ఏ పాఠమూ చెప్పలేదు.
పోపుకే సరిపోయింది, పప్పు లేదు.

రాత్రికి ఆ సుంకం మూడు డాలర్ల పది.
"రద్దీ, మామా. అందరూ ఒక్కసారే పంపుతున్నారు."
అది మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.
వాన పడితే, ఏడు దాటితే
మేమూ యాభై సెంటావోలు ఎక్కువే అడుగుతాం,
ఎక్కినవాడు మొహం ముడుచుకుని ఇస్తాడు.

తెల్లారగట్ల మూడింటికి అలారం పెట్టుకుని లేచిందట.
డాలరు నలభైకి దిగిందట.
నొక్కబోయిన వేలు ఆగిపోయిందట,
నోట్లు చేతికిచ్చేవాడు
ఐదు డాలర్ల లోపు ముట్టుకోడని గుర్తొచ్చి.
ఆ చలిలో దుప్పటి మళ్ళీ వెచ్చబడ్డానికి గంట పట్టిందంది.
దాని ఖరీదెంతో నేను అడగలేదు.

ఆఖరి పాఠంలో ఆఖరి ప్రశ్న
నాకు చదివి మరీ వినిపించింది ఆ రోజు.
దారి సుంకం కట్టేది ఎవరు?
ఒకటి, కంపెనీ. రెండు, గొలుసు. మూడు, పంపేవాడు.
నేను ఒకటి అన్నాను.
తను మూడు నొక్కింది.
తెరంతా రంగు కాగితాలు రాలాయి.
నలభై సెంట్లు.

నిన్న సాయంత్రం కూలి లెక్కగట్టి చేతిలో పెట్టాను.
ఎప్పుడూ మడిచి శాలువాలో దోపుకునే పిల్ల
విప్పి, నోటు నోటూ విడదీసి చూసింది.
"సూపుకి ఎనిమిది కోశావు, తిన్నాను, సరే.
యూనియన్ చీటీకి రెండెందుకు?
బండి నీది. చీటీ నీది.
పంపేవాడివి నువ్వు కాదా, మామా?"

రేడియో శబ్దం పెంచాను.
తలమీద టెలిఫెరికో డబ్బాలు
తీగ పట్టుకుని పోతున్నాయి ఒకదాని వెనకొకటి.
పొద్దునైనా, రద్దీలోనైనా, వానలోనైనా వాటికి మూడే బొలివియానోలు.
అందుకే వాటిని చూస్తే నాకు ఒళ్ళు మంట.
కాసేపటికి రెండు బిళ్ళలు తీసి
స్టీరింగు పక్కన పెట్టాను.
వెంటనే తీసుకోలేదు.
దిగేటప్పుడు చూస్తే లేవు.

ఆ రెండు ఎనభై ఇంకా అక్కడే ఉంది.
ఇవాళ రెండు అరవై అయిందట, కదలకుండానే.
ఏమైందే నీ సంపాదన అంటే
"వచ్చింది మామా, గాని రాలేదు" అని
తలుపు ఒక్క గుంజు గుంజి
పెరెస్, ప్రాడో, సాన్ పెద్రో,
ఇంకా ఇద్దరికి చోటుంది, ఇద్దరికి.